నల్ల ఎల్డర్ పూయని ఏడాది

హలో, హలో... వినిపిస్తోందా? అందరికీ నమస్కారం. భోజనాలయ్యాయా? అయితే కాస్త కుదురుగా కూర్చోండి, కథ కొంచెం పెద్దదే. నవ్వించే కథ కాదని ముందే చెప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

చలిదేశాల వైపు లాంగెలాండ్ అనే దీవిలో, రేవు వైపు దిగే సందులో, పసుపు గోడల ఇల్లు ప్రేబెన్‌ది. బతుకంతా ఇళ్ళకి రంగులు వేసి, మోకాళ్ళు ఇక నిచ్చెన ఎక్కలేమన్నాక మానేశాడు. ఆ సందులో సగం గోడలు అతని చేతి మీదుగా రంగు తేలినవే. మనిషి మంచివాడు. మాట తక్కువ, శుభ్రం ఎక్కువ. కంచె మొక్క మీద ఒక్క కొమ్మ పైకి లేచినా అతనికి అన్నం సయించదు.

అతని భార్య విబెకె గేటు పక్కన ఒక ఎల్డర్ పొదని పెంచింది. పొలాల గట్ల మీద దానంతటది మొలిచే తెల్లపూల ఎల్డర్ కాదు. ఇళ్ళ ముందు అందానికి పెంచుకునే రకం. ఆకు నల్లగా ఉంటుంది, లేసు అల్లినట్టు సన్నగా చీలి ఉంటుంది. జూన్ వచ్చిందంటే ఆ నలుపు మీద అరచేయంత గులాబీ పూల గుత్తులు విచ్చుకుంటాయి. పక్కన నిలబడితే నిమ్మకాయ కోసినట్టు వాసన.

ఆమె ఆ మొక్క తెచ్చిన రోజున ప్రేబెన్ మొహం ముడుచుకున్నాడు.

"గుమ్మం ముందు నల్ల మొక్కేంటే? చావు ఇల్లనుకుంటారు చూసినవాళ్ళు."

"పసుపు గోడ పక్కన నలుపు ఎంత కొట్టొచ్చినట్టు ఉంటుందో రంగులోడివి నీకే తెలియాలి. నోర్మూసుకుని గొయ్యి తవ్వు," అంది విబెకె.

తవ్వాడు. ఆమె మాటే నిజమైంది. దారినపోయేవాళ్ళు సైకిలు దిగి మరీ చూసేవారు.

ప్రతి జూన్‌లో ఆమె ఆ పూలు కోసి, పురుగులు రాలేలా దులిపి, పంచదార నీళ్ళలో నిమ్మ చెక్కలతో నానేసి షర్బత్ చేసేది. అది గులాబీ రంగులో ఉండేది. నాలుగు గుత్తులు పిండిలో ముంచి నూనెలో వేస్తే, మన బజ్జీల్లాగే కరకరలాడేవి. మార్చిలో కత్తిరింపు కూడా ఆమె పనే. బాగా ముదిరిన కొమ్మలు ఏవో కొన్ని మొదలంటా తీసేసి, మిగతావాటి జోలికి పోయేది కాదు. రంపం పెట్టే ముందు మాత్రం నెత్తిమీద టోపీ తీసి, పొద ముందు కాస్త వంగి అడిగేది: "ఎల్డరమ్మా, నీ కొమ్మ కొంచెం నాకియ్యి. రేపు నేను మట్టిలో కలిసి మొలకెత్తితే నా కొమ్మ నీకిస్తా."

పొదలో ఒక తల్లి కాపురం ఉంటుందనీ, అడక్కుండా కొడితే ఊరుకోదనీ ఆ దీవిలో పాతవాళ్ళ నమ్మకం. విబెకె నమ్మేదో లేదో ఎవరికీ తెలియదు. నవ్వుతూనే అడిగేది, కానీ ఏ ఏడాదీ అడగడం మానలేదు.

"మున్సిపాలిటీ వాళ్ళని కూడా ఓ మాట అడుగు, పనైపోతుంది," అని ఏడిపించేవాడు ప్రేబెన్.

అలాంటి విబెకెకి ఒక ఏడాది క్రిస్మస్ వెళ్ళాక కడుపులో నొప్పి మొదలైంది. దీవి వంతెన అవతలి ఊరి ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, క్లోమంలో గడ్డ అన్నారు. కోసి తీసే దశ దాటిపోయిందన్నారు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరగా జరుపుకుని, "మీకు ఇంకేమైనా అడగాలనుందా?" అంది.

"జూన్ దాకా ఉంటానా?" అంది విబెకె.

"ఎందుకు జూన్?"

"మా గేటు దగ్గర పొద పూస్తుంది. అది ఒక్కసారి చూస్తే చాలు. ఆ తర్వాత ఎప్పుడైనా సరే, నేనేం పేచీ పెట్టను."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఉండొచ్చు. చూద్దాం," అంది. ప్రేబెన్ పక్కనే కూర్చుని తన రెండు చేతుల్లోకీ చూసుకుంటున్నాడు. ఆ మాట అతనిలో మేకులా దిగిపోయింది. జూన్. పొద. పూలు.

మందులు ఎక్కించడానికి ఆమెని ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. మార్చి వచ్చింది. ప్రేబెన్ ఒక్కడే ఇంట్లో. రోజూ బస్సులో వంతెన దాటి వెళ్ళి, సాయంత్రం వచ్చి, రై రొట్టె మీద ఏదో ఒకటి రాసుకుని తిని, కిటికీలోంచి ఆ పొదనే చూసేవాడు. దాని మీద ఆకు లేదు. ముదురు కొమ్మలు బెరడు పగిలి, నాచు పట్టి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఇదా పూసేది? ఈ ముసలి కట్టెలా?

టీవీలో తోటల కార్యక్రమం ఒకటి వస్తుంది. ఒక ఆదివారం అందులో ఇదే నల్లాకు ఎల్డర్‌ని చూపించారు. "మార్చిలో మోకాలెత్తుకి కొట్టేయండి, ఆకు ఎంత నిగనిగలాడుతుందో చూడండి," అన్నాడు అందులో ఆయన. ఆ తర్వాత ఇంకేదో చెప్తున్నాడు గానీ, ప్రేబెన్ అప్పటికే లేచి రంపం కోసం షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

అతని బుర్రలో ఉన్నది రంగుల లెక్క. పాత రంగు మీద కొత్త రంగు నిలవదు. పెచ్చులన్నీ గీకెయ్యాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, కట్టె కనిపించేదాకా పోవాలి. అప్పుడు వేసిన రంగు పదికాలాలు మెరుస్తుంది. సగం గీకి సగం వదిలేసేవాడు పనివాడే కాదని అతని గురువు చెంపమీద కొట్టి మరీ నేర్పాడు. గోడకి పనికొచ్చింది మొక్కకి పనికిరాదా? అనుకున్నాడు.

టోపీ తీయలేదు. ఎవరినీ అడగలేదు. ఒక్క కొమ్మ మిగల్చకుండా అన్నీ మోకాలెత్తుకి కోసేశాడు. లోపల మెత్తటి బెండు ఉన్న కట్టె, రంపానికి వెన్నలా తెగింది. కోసినవన్నీ తోపుడు బండిలో వేసుకెళ్ళి ఊరవతల చెత్త దిబ్బలో పడేసొచ్చాడు. వాన నీళ్ళు దిగకుండా మోళ్ళ కొనలకి తెల్ల రంగు కూడా పూశాడు. పూసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. జనవరి తర్వాత అతనికి మనసు తేలికపడ్డ పూట అదొక్కటే.

ఏప్రిల్లో విబెకెని ఇంటికి పంపేశారు. ఇక మందు పని చేయదని అర్థం. టాక్సీ దిగి, అతని భుజం పట్టుకుని, గేటు దాకా నడిచింది. అక్కడ ఆగింది. మోళ్ళ మీద అప్పుడే ఎర్రటి మొలకలు వేలెడంత లేచాయి.

గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీకు చెప్పకుండా చేశా," అన్నాడు ప్రేబెన్. గొంతులో సంబరం ఆగలేదు. "పాతదంతా తీసేశా. జూన్‌కి చూడు, కొత్త పొదలా ఉంటుంది."

ఆమె మోళ్ళకేసి చూసింది, అతనికేసి చూసింది.

"కొనలకి రంగు కూడా వేశావా?"

"రెండు పూతలు."

విబెకెకి నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు నొప్పయింది, పొట్ట పట్టుకుని వంగిపోయింది. నొప్పి తగ్గాక, "శుభ్రంగా చేశావు," అంది. "పద, లోపలికి పోదాం. చలేస్తోంది."

మంచం వెనక గదిలో వేశారు. నర్సులు తిరగడానికి అక్కడే చోటుంది. ఆ కిటికీలోంచి పెరటి గోడ కనిపిస్తుంది తప్ప గేటు కనపడదు.

మర్నాడు విబెకె అక్క గ్రెథె వచ్చింది. దీవి మధ్యలో పల్లెలో ఉంటుంది. మొగుడు పోయాక కోళ్ళతో, తెల్ల ఎల్డర్ కంచెతో ఒక్కతే బతుకుతోంది. నోరు పెద్దది, చెయ్యి పెద్దది. సైకిలు గోడకి ఆనించి, పొదని చూసి, లోపలికి కూడా రాకుండా అరిచింది.

"ప్రేబెన్! ఇటు రా! ఏ వెధవ చేశాడీ పని?"

ప్రేబెన్ పరుగెత్తుకొచ్చాడు. "మెల్లగా వదినా, పడుకుంది. నేనే చేశా. ఏం?"

గ్రెథె అతని రెక్క పట్టుకుని షెడ్డులోకి ఈడ్చుకెళ్ళింది.

"ఎల్డర్ ఏ కొమ్మ మీద పూస్తుందో తెలుసా నీకు?"

"కొమ్మ మీదే పూస్తుంది. ఇంకెక్కడ పూస్తుంది?"

"పోయినేడు పెరిగిన కొమ్మ మీద పూస్తుందయ్యా మహానుభావా! ఈ ఏడు మొలిచింది ఈ ఏడు పూయదు. ఆకులే వస్తాయి. ఒట్టి ఆకులు! మొత్తం నరికేశావంటే ఈ జూన్‌లో దానికి ఒక్క పువ్వుండదు. ఒక్కటి!"

ప్రేబెన్ రంగు డబ్బాల బల్ల మీద కూలబడ్డాడు.

"టీవీలో చెప్పాడు..."

"ఆకు కావాలనుకునేవాళ్ళకి చెప్పుంటాడు! నీ పెళ్ళాం ఆకు కోసమా ప్రాణాలు బిగబట్టుకుని కూర్చుంది? పోనీ, అడిగావా కొట్టే ముందు?"

"ఎవర్ని?"

"ఎవర్నంటాడేంటి! అడక్కుండా కొడితే ఆ ఇంట్లోంచి ఒక మనిషిని తీసుకుంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు ఈ దీవిలో."

ఆ మాట అన్నాక గ్రెథెకే భయమేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రేబెన్ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"అది ముందునుంచీ ఉన్న జబ్బు వదినా," అన్నాడు. "నేను కొట్టక ముందే ఉంది."

"ఉంది నాయనా, ఉంది. నోరు జారా." ఆమె అతని పక్కనే బల్ల మీద కూర్చుంది. "ఇప్పుడేం చేస్తావ్?"

"దానికి చెప్పొద్దు."

"తోట పెంచింది అది. తెలీదంటావా?"

"మందుల మత్తులో ఉంది. గేటు దగ్గర చూసింది, బాగుందంది. ఆ గదిలోంచి కనపడదు. చెప్పొద్దు వదినా, నీకు దండం పెడతా."

గ్రెథె కళ్ళు తుడుచుకుని, లోపలికెళ్ళి, చెల్లెలి దుప్పటి సర్ది, కోళ్ళ గురించి మాట్లాడి వెళ్ళిపోయింది. చెప్పలేదు.

మే నెలలో ఆ పొద లేచింది చూడండి, అలా లేవడం ఆ సందులో ఎవరూ చూసి ఉండరు. ఒక్కో రెమ్మ చేతికర్రలా నిటారుగా, ఒక్కో ఆకు రెండింతలు, నల్లగా, పట్టు మీద నీళ్ళు చల్లినట్టు మెరుపు. దారినపోయేవాళ్ళు గేటు దగ్గర ఆగేవారు.

"అబ్బ, ఏం చేశావు ప్రేబెన్? ఏ ఎరువు వేశావు?"

"ఏం లేదు," అని తలుపేసుకునేవాడు. ఆ పొగడ్తలు పుండు మీద కారంలా ఉండేవి. ఒక్క రోజు కూడా వదలకుండా పొద్దున్నే వెళ్ళి రెమ్మరెమ్మా వంచి చూసేవాడు. ఆకు, ఆకు, ఆకు. గ్రెథె తప్పు చెప్పి ఉండాలని దేవుణ్ణి కోరుకున్నాడు. చర్చికి క్రిస్మస్‌కి తప్ప వెళ్ళని మనిషి.

లోపలికి రాగానే విబెకె అడిగేది.

"మొగ్గలొచ్చాయా?"

మొదటి రోజు "ఇంకా లేదు" అని గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. మర్నాడూ అంతే. మూడోసారి ఆమె కళ్ళు చూసి తట్టుకోలేక మంచం పక్క కుర్చీలో కూర్చుని, "చిన్నగా పడ్డాయి. గసగసాలంత," అన్నాడు.

"ఎటువైపు?"

"గోడవైపు."

"ఎండ అటే తగులుతుంది ముందు," అంది ఆమె కళ్ళు మూసుకుని. "ఊఁ, చెప్పు."

ఇంక అప్పట్నుంచి చెప్పడమే. అబద్ధం ఒకటి ఆడితే ఊరుకోదు కదా, దానికి ఇల్లు కట్టాలి, వాకిలి కట్టాలి. మొగ్గ ఎలా ఉంది, కాడ ఏ రంగు, ఏ గుత్తి మీద పేనుబంక పట్టింది, దాన్ని ఎలా తుడిచాడు, ఏ పక్షి వచ్చి వాలింది. రంగులు కలిపే మనిషి కాబట్టి రంగు గురించి మాత్రం దంచేవాడు: "గులాబీ అంటే మామూలు గులాబీ కాదు విబె, తెల్లలో ఒక్క చుక్క ఎరుపు వేసి కలిపి, కలిపి, ఎరుపు వేశామా లేదా అని అనుమానం వచ్చేదాకా కలిపితే ఎలా ఉంటుందో అలా." ఆమె వింటూ నవ్వేది. ఒక్కోసారి మధ్యలో వేరే మాటల్లోకి దొర్లిపోయేవారు. పెళ్ళికి ముందు పడవలో తిరిగిన రోజులు, పుట్టకుండానే పోయిన బిడ్డ, ఎన్నాళ్ళ నుంచో ఇద్దరూ ఎత్తని మాటలు. కాఫీ చల్లారిపోయేది. మళ్ళీ పెట్టుకొచ్చి మళ్ళీ కూర్చునేవాడు.

కానీ ఆమె మాత్రం కరిగిపోతూనే ఉంది. ముద్ద దిగడం లేదు. నొప్పి మందు గంట గంటకీ చాలడం లేదు. నర్సు గదిలోంచి బయటికొచ్చి, "ఇంత నొప్పిలో ఇన్నాళ్ళు ఎలా ఉందో నాకర్థం కావట్లేదు," అంది.

జూన్ మధ్యకి దీవి అంతా ఎల్డర్ పూసింది. గట్ల మీద, రోడ్ల పక్కన, గ్రెథె కంచె నిండా తెల్లగా నురగ పొంగినట్టు. ప్రేబెన్ "ఈ ఏడు చలి ఎక్కువ కదా, మనది ఆలస్యం" అన్నాడు. మొగ్గలు విచ్చుకోబోతున్నాయన్నాడు. ఇంకో వారం అన్నాడు.

గ్రెథె ఇక ఆగలేకపోయింది. మళ్ళీ అదే షెడ్డులోకి పిలిచింది.

"దేనికోసం ఉంది అది ఇంకా? చెప్పు. ఎముకలు తప్ప ఏముంది ఒంట్లో? ఆ పువ్వు చూసి పోదామని పళ్ళు బిగబట్టుకుని ఉంది. ఆ పువ్వు రాదు. నువ్వేమో రేపు, ఎల్లుండి అంటున్నావు. నిజం చెప్పి చావు, లేకపోతే..."

"పూయకపోతే పోదు కదా వదినా," అన్నాడు ప్రేబెన్.

గ్రెథెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, కొట్టడానికన్నట్టు చెయ్యెత్తింది. ఆ చెయ్యి తెచ్చి అతని తల మీద పెట్టింది.

"ఇలా చెయ్యకురా అబ్బాయ్," అంది. "దానికి నొప్పిగా ఉందిరా."

అతను ఆ రోజు చాలాసేపు షెడ్డులోనే ఉన్నాడు. ఖాళీ డబ్బాల మూతలు తీశాడు, పెట్టాడు. తను కొట్టిన కొమ్మలే ఆమెని పట్టి ఉంచాయని లోపల ఎక్కడో సంతోషించిన మాట నిజమే. అది బయటికి అన్నాక ఎంత వికారంగా ఉందో వినపడింది.

జూన్ ఆఖర్లో వచ్చే నడివేసవి పండగ, సాంక్ట్ హాన్స్ రోజు పొద్దున్నే విబెకె అంది: "ఇవాళ రేవులో మంట వేస్తారు కదా. నన్ను చక్రాల కుర్చీలో కాస్త బయటికి తీసుకెళ్ళు. మంట వద్దులే, అంత దూరం వద్దు. గేటు దాకా చాలు."

"సాయంత్రం," అన్నాడు ప్రేబెన్. "ఎండ తగ్గాక."

ఆమె నిద్రపోగానే గ్రెథెని కాపలా పెట్టి, పక్కింటాయన పాత వ్యాను అడిగి తీసుకుని, దీవి చివర బాగెన్‌కోప్ అనే ఊరి దాకా పోయాడు. అక్కడ ఒకావిడ ఇంటి ముందు ఇదే రకం నల్లాకు ఎల్డర్ ఉందని అతనికి తెలుసు. ఆ ఇంటికి ఒకప్పుడు కిటికీలకి రంగు వేశాడు. ఆవిడ గుమ్మంలోకొచ్చింది. అతనికి ఏం చెప్పాలో తెలియక, "మీ పూలు కొన్ని కావాలి. నేను మాది నరికేశా. మా ఆవిడ పోతోంది," అన్నాడు. అదే వరసలో, అంతే.

ఆవిడ ఇంకేం అడగలేదు. లోపలికెళ్ళి కత్తెర తెచ్చి, మంచి గుత్తులన్నీ తనే కోసి, తడి గుడ్డలో చుట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చాక గ్రెథె, అతనూ కలిసి సన్న తీగతో ఆ గుత్తుల్ని రెమ్మలకి కట్టారు. ప్రేబెన్ కట్టిన ముడి కట్టినట్టే జారిపోతోంది.

"జరుగు, నీకు ముడి పడదు," అని గ్రెథె దాదాపు అన్నీ తనే కట్టింది. కోళ్ళ దొడ్డికి కంచె కట్టిన చెయ్యి. కడుతూనే గొణిగింది: "దీని కంటే పెద్ద మోసం నేను ఎరగను. నన్ను కూడా దింపావు ఇందులోకి." కట్టడం అయ్యాక ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. దూరం నుంచి అచ్చం పూసినట్టే ఉంది.

కానీ ఆమెని అప్పుడే తీసుకురావడం కుదరలేదు. లేవగానే వాంతులు. నర్సు రావాలి, సూది వేయాలి, దుప్పట్లు మార్చాలి. ఎండ నడినెత్తి దాటి పడమటికి తిరిగింది. ఎల్డర్ పువ్వు కోశాక నిలవదు. కోసిన పూట నిమ్మ వాసన, ఎండ తగిలి వాడిందా, పిల్లి ఉచ్చ కంపు. ప్రేబెన్‌కి ఈ సంగతి తెలియదు. గ్రెథెకి తెలుసు గానీ ఆ హడావుడిలో గుర్తు రాలేదు.

కుర్చీ గేటు దగ్గరికి తెచ్చేసరికి గుత్తులన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. వాసన ముందుకొచ్చి కొట్టింది. దూరంగా రేవు వైపు జనం పాడుతున్నారు.

విబెకె చూసింది. చెయ్యి చాపింది. ప్రేబెన్ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి నెట్టాడు. ఆమె ఒక గుత్తిని తాకింది. అది తీగతో సహా ఊడి ఒళ్ళో పడింది.

గ్రెథె మొహం తిప్పేసుకుంది.

విబెకె తీగని వేలితో తిప్పి చూసింది.

"ఈ ముడి అక్కది," అంది. "నీకు ఇలా రాదు."

ప్రేబెన్ ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. "విబె, నేను... మార్చిలో నేను..."

"ఏప్రిల్లోనే తెలుసు ప్రేబెన్. గేటు దగ్గర దిగగానే తెలుసు. నేను పెంచిన పొద అది."

"మరి రోజూ మొగ్గలొచ్చాయా అని అడిగావు కదే! ఎందుకడిగావు?"

ఆమెకి ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"మొదటిసారి, నువ్వే చెప్తావేమోనని అడిగా. ఆ తర్వాత... నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కూర్చుని చెప్పేవాడివి. ఇన్నేళ్ళ కాపురంలో నిజాలన్నీ నిచ్చెన మీంచే చెప్పావు నాకు. బకెట్టు ఇయ్యి, కాఫీ తే, వానొస్తుంది. మే నెల నుంచే నా పక్కన కూర్చున్నావు." ఆగింది. "మానేస్తావేమోనని అడుగుతూనే ఉన్నా."

ప్రేబెన్ ఆమె మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. రంగులోడు ఏడవడం ఆ సందు ఎప్పుడూ చూడలేదు.

"పువ్వు చూడకుండా అయిపోయింది కదే," అన్నాడు.

"అయిపోయింది," అంది విబెకె. ఫరవాలేదని అనలేదు. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. పొదకేసి, ఆ నిటారు రెమ్మలకేసి చూసి, "వచ్చే ఏడు దంచి పూస్తుంది ఇది," అంది. అన్నాక వచ్చే ఏడు అన్న మాట ముగ్గురికీ వినపడింది. "కంపు కొడుతున్నాయి, తీసేయండి ఇవన్నీ. నన్ను లోపలికి తీసుకెళ్ళు."

ఆ తర్వాత ఆమె మొగ్గల సంగతి అడగలేదు. ప్రేబెన్ మంచం పక్కన కూర్చునేవాడు గానీ, చెప్పడానికి ఏమీ దొరికేది కాదు. ఏదైనా చెప్పమని ఆమె చెయ్యి నొక్కేది. వాన వచ్చేలా ఉందనేవాడు. నెల దాటకుండానే ఒక తెల్లవారుజామున, అతను కాఫీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిన కాస్సేపట్లో, ఆమె పోయింది. గ్రెథె వచ్చి ఇంటి ముందు స్తంభానికున్న జెండా సగానికి దించింది. పాతిపెట్టి వచ్చాక మళ్ళీ పైకెత్తింది. అది అక్కడి పద్ధతి. ఎల్డరమ్మ మాట ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ప్రేబెన్ మాత్రం ఆ మాట మర్చిపోలేదు. నమ్మడు, కానీ మర్చిపోలేదు.

మరుసటి మార్చిలో అతను ఆ పొదని ముట్టుకోలేదు. గాలికి రెమ్మలు దారి మీదికి పడుతుంటే పక్కింటాయన, "కాస్త కత్తిరించకూడదూ? నువ్వేనా ఇది?" అని విసుక్కున్నాడు.

జూన్‌లో పూసింది. ఎంత పూసిందంటే, ఆకు నలుపు కనపడలేదు. బరువుకి కొమ్మలు గేటు మీదికి ఒరిగిపోయాయి. గ్రెథె బుట్ట పట్టుకుని వచ్చింది గానీ, అతని మొహం చూసి, కోయకుండానే పక్కన నిలబడింది.

సైకిలు మీద పోతున్న ఎవరో బ్రేకు వేసి, "అద్భుతంగా పూసింది ప్రేబెన్!" అన్నారు.

"అవును," అన్నాడు. "ఏడాది ఆలస్యంగా."

లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

అదండీ సంగతి. ఇంట్లో ఎల్డర్ ఉన్నవాళ్ళు మొత్తం కొట్టకండి. బాగా ముదిరినవి కొన్ని తీసి, మిగతావి ఉంచండి. ఇక మీకు తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా మంచం పట్టి ఉంటే, వాళ్ళ పక్కన కూర్చోకుండా పనులు చక్కబెడుతూ తిరుగుతున్న మనిషి ఒకరుంటారు చూడండి, ఆ మనిషికి ఈ కథ పంపించండి. గ్రూపుల్లో పెట్టకపోయినా ఏం కాదు. ఆ ఒక్కరికి పంపితే చాలు.